లేబుల్ మీది కంపెనీ, ప్లేటు అచ్చు వేసిన కర్మాగారం: పాత జాజ్ రికార్డుల విషయంలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: ముల్లుమొన

సభ్యులందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా పాత జాజ్ రికార్డులు సేకరిస్తున్నాను. ఇంతకాలం వాద్యకారుల పేర్లు చూసే కొన్నాను గానీ, రికార్డును ఏ కంపెనీ విడుదల చేసింది, ఏ కర్మాగారంలో అచ్చు వేశారు అనే సంగతుల జోలికి వెళ్లలేదు. ఈ మధ్య చేతికొచ్చిన రెండు ప్లేట్ల వల్ల ఇక అటు చూడక తప్పడం లేదు.

మొదటిది బ్లూ నోట్ కంపెనీ ఎల్.పి. (ఒక్కో పక్క ఎక్కువసేపు మోగే వినైల్ ప్లేటు). అందులోని సంగీతం 1963లో రికార్డయింది. లేబుల్ మీద చిరునామా ఉండే చోట "న్యూయార్క్ యు.ఎస్.ఎ." అని ఉంది. ఇది మొదటి ముద్రణేనని అమ్మినాయన గట్టిగా చెప్పి, అందుకు తగ్గ ధరే తీసుకున్నారు. చివరి గాడికీ లేబుల్‌కూ మధ్య ఉండే ఖాళీ పట్టీని దీపం కింద పెట్టి చూస్తే "వాన్ గెల్డర్" అనే ముద్ర స్పష్టంగా కనిపించింది. కానీ సేకర్తలందరూ చెప్పుకొనే చెవి ఆకారపు గుర్తు రెండు పక్కలా ఎక్కడా లేదు. ఆయనను అడిగితే, లేబులే ప్రమాణమని, మిగిలినవన్నీ పట్టించుకోనక్కరలేని వివరాలని చెప్పారు. ఆ మాట నాకు సమాధానంగా తోచలేదు.

రెండోది నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే లక్క రికార్డు, ఛాంపియన్ లేబుల్‌ది. దాని మీదున్న బృందం పేరు నేను వెతికిన ఏ జాబితాలోనూ లేదు. అయితే ఆ కార్నెట్ (ట్రంపెట్ లాంటి బాకా) వాయించిన తీరు, దాని వెనక క్లారినెట్ అల్లుకుంటూ పోయే పద్ధతి, 1920ల రెండో సగంలో జెన్నెట్ కంపెనీకి రికార్డు చేసిన ఒక బృందాన్ని అచ్చంగా గుర్తుకు తెస్తున్నాయి. అదే బృందమై ఉంటుందా, లేక విని విని నా చెవి నన్ను మోసం చేస్తోందా?

ఈ రెండు సందేహాల వెంబడే మరో పెద్ద సందేహం కూడా వచ్చింది. నా సేకరణను వాద్యకారులవారీగా కాకుండా కంపెనీలవారీగా సర్దుకుంటే తెలియని విషయాలేమైనా తెలుస్తాయా? అనుభవజ్ఞులు తీరికగా రాస్తే సంతోషిస్తాను.

జవాబు: రెండోపక్క

ముల్లుమొన గారూ, మీ మొదటి ప్లేటు గురించి నేను రాస్తాను. లక్క రికార్డుల విషయం నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

మనం "కంపెనీ" అని ఒకే మాట వాడుతున్నాం గానీ, ఒక ప్లేటు వెనక సాధారణంగా ముగ్గురు ఉంటారు. సంగీతాన్ని రికార్డు చేయించి తన పేరు మీద అమ్మినవాడు ఒకడు, ఆ టేపును గాడిగా కోసినవాడు ఇంకొకడు, ఆ గాడి నుంచి లోహపు అచ్చులు తీసి వినైల్‌ను వాటి మధ్య నొక్కినవాడు వేరొకడు. విక్టర్, కొలంబియా వంటి పెద్ద సంస్థలు ఈ మూడు పనులూ తమ గొడుగు కిందే చేసుకున్నాయి. బ్లూ నోట్ వంటి చిన్న సంస్థకు సొంత స్టూడియో గానీ, సొంత కర్మాగారం గానీ ఎన్నడూ లేవు. ఆల్ఫ్రెడ్ లయన్ 1939 జనవరిలో ఆల్బర్ట్ అమ్మన్స్, మీడ్ లక్స్ లూయిస్ అనే ఇద్దరు పియానో వాద్యకారులను కూర్చోబెట్టి మొదటి రికార్డింగు చేయించిన నాటి నుంచి, ఆయన, ఆ ఏడాదే వచ్చి కలిసిన ఆయన మిత్రుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్, తమకు కావలసిన పనిని ఎవరు శ్రద్ధగా చేస్తారో వెతుక్కుని చేయించుకున్నారు.

లేబుల్ మీద ఉన్నది వారి పేరు. పట్టీలో ఉన్న "వాన్ గెల్డర్" అనేది గాడి కోసినవాడి పేరు. రూడీ వాన్ గెల్డర్ పగలు కళ్లద్దాల పరీక్షలు చేసుకుంటూ, న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే రికార్డింగులు చేసేవాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ప్రత్యేకంగా కట్టించుకున్న స్టూడియోకు మారాడు. తాను కోసిన లాకర్ పళ్లెం (టేపు నుంచి మొదటి గాడి కోసే మెత్తటి పూత ఉన్న పళ్లెం) మీద మొదట్లో తన పొడి అక్షరాలను చేత్తో గీసేవాడు, తర్వాత ముద్రతో కొట్టేవాడు. కనుక ఆ ముద్ర వల్ల మీకు తెలిసేది ఒక్కటే: మీ ప్లేటు ఆయన చేతి గాడి నుంచి పుట్టింది. ఆ గాడి నుంచి తీసిన అచ్చును ఏ యంత్రంలో, ఏ సంవత్సరంలో నొక్కారో ఆ ముద్ర చెప్పదు.

అది చెప్పేది మీకు కనిపించని చెవి. నిజానికి అది చెవి కాదు, గొలుసుకట్టుగా రాసిన "పి" అక్షరం. న్యూజెర్సీలోని ప్లాస్టిలైట్ అనే కర్మాగారం తన అచ్చుల మీద వేసుకున్న గుర్తు. బ్లూ నోట్ తన ఎల్.పి.లను అక్కడే అచ్చు వేయించేది. లయన్ 1965లో కంపెనీని లిబర్టీ సంస్థకు అమ్మేశాక, కొద్ది కాలానికే ఆ పని ప్లాస్టిలైట్ నుంచి వేరే కర్మాగారాలకు మారింది. అయితే "న్యూయార్క్ యు.ఎస్.ఎ." అని ముందే అచ్చయిన లేబుళ్లు కట్టలు కట్టలుగా మిగిలి ఉన్నాయి, వాటిని పారేయడం ఎందుకని లిబర్టీ వాళ్లు వాడేశారు. వాన్ గెల్డర్ గాడి నుంచి వచ్చిన లోహపు అచ్చులు కూడా వాళ్ల చేతికే వచ్చాయి. ఆ విధంగా పాత లేబుల్, పాత గాడి, కొత్త కర్మాగారం కలిసిన ప్లేట్లు పుట్టాయి. 1963 నాటి సంగీతం ఉండి, చెవి లేదంటే, మీ ప్లేటు ఆ కోవలోదే. మీకు అమ్మినాయన లేబులే ప్రమాణమనడం ఈ సందర్భంలో పొరపాటు.

లేబుల్ మీది చిరునామా పనికిరాదని కాదు. లెక్సింగ్టన్ అవెన్యూ చిరునామా 1957 వరకూ, 47 వెస్ట్ 63వ వీధి చిరునామా ఆ తర్వాత 1960ల మొదటి వరకూ, మీ లేబుల్ మీదున్నది 1962 ప్రాంతం నుంచీ వాడుకలో ఉన్నాయి. దీనివల్ల ఒక ప్లేటు ఇంతకంటే ముందుది కాజాలదని చెప్పవచ్చు. ఇంతకంటే తర్వాతది కాజాలదని మాత్రం చెప్పలేం. మిగిలిపోయిన లేబుళ్లు వాడెయ్యడం వల్ల ఒక పక్క పాత చిరునామా, రెండో పక్క కొత్త చిరునామా ఉన్న ప్లేట్లు కూడా కనిపిస్తాయి. అలాగే లేబుల్ మీద గుండ్రంగా నొక్కుకుపోయిన లోతు వలయాన్ని చాలామంది మొదటి ముద్రణకు తిరుగులేని సాక్ష్యంగా భావిస్తారు. ఆ వలయం యంత్రంలో అమర్చిన భాగం ఆకారాన్ని బట్టి పడేది; పాత భాగాలూ కొత్త భాగాలూ కలిపి వాడిన కాలంలో ఒక పక్క వలయం పడి, రెండో పక్క పడని ప్లేట్లు కూడా వచ్చాయి. అందువల్ల దాన్ని చెవి గుర్తుతో, చిరునామాతో కలిపి చూడాలి తప్ప ఒంటరిగా నమ్మకూడదు.

ఇక ఒక మాట. మీ ప్లేటు తక్కువదని నిరాశ పడకండి. వాన్ గెల్డర్ గాడి నుంచే వచ్చింది కనుక, లిబర్టీ కాలపు ప్లేట్లలో అద్భుతంగా పలికేవి చాలా ఉన్నాయి. నా దగ్గర ఒకే ఎల్.పి. రెండు రూపాల్లోనూ ఉంది. కళ్లు మూసుకుని వింటే తేడా చెప్పగలనని ప్రమాణం చేయలేను. మీరు అడగవలసింది ధరలోని తేడాను, ఎందుకంటే మీకు అమ్మిన వస్తువు ఒకటి, దానికి పెట్టిన పేరు మరొకటి.

జవాబు: లక్కముద్ర

రెండోపక్క గారు చెప్పిన ముగ్గురి లెక్క 78 వేగపు రికార్డుల కాలానికి వచ్చేసరికి మరో రూపం దాలుస్తుంది. అక్కడ అచ్చు వేసే కర్మాగారం ఒకటే ఉంటుంది, కానీ దాని నుంచి ఒకే సంగీతం అయిదారు పేర్లతో బయటికి వస్తుంది. మీ ఛాంపియన్ ప్లేటు అలాంటిదే.

ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ అనే చిన్న పట్టణంలో స్టార్ పియానో కంపెనీ ఉండేది. పియానోలతో పాటు గ్రామఫోన్లు, గ్రామఫోన్లతో పాటు ప్లేట్లు అమ్ముకోవచ్చని ఆ యజమానులైన జెన్నెట్ కుటుంబం తలపెట్టిన వ్యాపారమే జెన్నెట్ రికార్డులు. ముల్లు అటూ ఇటూ కదిలే గాడి మీద పేటెంటు తమదని విక్టర్ కంపెనీ దావా వేస్తే, స్టార్ వాళ్లు వెనక్కి తగ్గకుండా కోర్టులో పోరాడి 1920ల మొదట్లో గెలిచారు. ఆ తీర్పు లేకపోతే చిన్న కంపెనీలు నిలబడేవే కావు, నిలబడకపోతే 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బృందం రిచ్‌మండ్‌కు వచ్చి రికార్డు చేసేదీ కాదు. ఆ బృందంలో రెండో కార్నెట్ వాయించిన యువకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన మొదటి రికార్డులు అవే. పెద్ద కంపెనీల తలుపులు నల్లజాతి జాజ్ బృందాలకు సరిగా తెరుచుకోని రోజుల్లో, రైలు పట్టాల పక్కన ఉన్న ఆ స్టూడియోలో, రైలు వెళ్లేదాకా వాయిద్యాలు పట్టుకుని ఎదురుచూస్తూ వాళ్లు ఆ పని చేశారు. ఆ విషయం గుర్తుకొస్తే ఆ గరగర శబ్దం కూడా నాకు విలువైనదిగానే వినిపిస్తుంది.

అప్పటికి మైకు లేదు. అందరూ ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయిస్తే, ఆ గాలి ఒత్తిడే సూదిని కదిపి మైనం మీద గాడి గీసేది. ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ ధాటికి ఆలివర్ కార్నెట్ వినపడకుండా పోతోందని ఆర్మ్‌స్ట్రాంగ్‌ను దూరంగా నిలబెట్టారని, ఆ బృందంలో పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత చెప్పారు. 1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ విద్యుత్ పద్ధతి వచ్చి, విక్టర్, కొలంబియా దాన్ని తీసుకున్నాక కథ మారింది. అందుకే 1920ల ప్లేటు చేతికి వస్తే నేను మొదట చూసేది విద్యుత్ పద్ధతికి ముందుదా, తర్వాతదా అనే.

ఇప్పుడు మీ ఛాంపియన్ సంగతి. జెన్నెట్ వాళ్లు తమ రికార్డింగులనే తక్కువ ధరకు అమ్మడానికి పెట్టిన పేరు ఛాంపియన్. ఒకే సంగీతం రెండు ధరలకు దొరుకుతోందని కొనేవాళ్లకు తెలిస్తే ఖరీదైనది ఎవరూ కొనరు కనుక, ఛాంపియన్ లేబుల్ మీద బృందానికి మారుపేరు పెట్టేవారు. సియర్స్ వంటి పెద్ద దుకాణాలకు వాళ్ల సొంత పేర్లతో కూడా జెన్నెట్ అచ్చు వేసి ఇచ్చింది. అందువల్ల లేబుల్ మీది పేరు పట్టుకుని వెతికితే మీకు ఏమీ దొరకదు. లేబుల్ పక్కన పట్టీలో మాట్రిక్స్ అంకె ఉంటుంది, దాన్ని రాసుకోండి. ఛాంపియన్ జాబితా అంకెను వదిలేసి మాట్రిక్స్ అంకెతోనే వెతకండి. పేరు ఎన్నిసార్లు మారినా, ఆ మైనపు పళ్లేనికి పుట్టినప్పుడు ఇచ్చిన అంకె మారదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ నిర్వహించే అమెరికన్ పాత రికార్డింగుల జాబితాలో ఇలాంటి అంకెలతో వెతకవచ్చు. అంకె పక్కన ఏదైనా అక్షరం ఉంటే దాన్ని కూడా రాసుకోండి. అది ఎన్నోసారి వాయించిన ప్రతి అన్నది చెబుతుంది.

కంపెనీలవారీగా సర్దుకోవాలా అని అడిగారు. 1920ల వరకైతే తప్పకుండా సర్దుకోండని చెబుతాను, ఎందుకంటే ఆ కాలంలో ప్లేటు ఎలా పలుకుతుందనేది వాద్యకారుడి మీద ఎంత ఆధారపడుతుందో, కంపెనీ వాడిన పదార్థం మీదా అంతే ఆధారపడుతుంది. లక్క పురుగు చెట్టు కొమ్మల మీద చేసే లక్క, మెత్తగా నూరిన రాతిపొడి, మసి, కొంత దూదిపీచు కలిపి వండిన ముద్ద అది. రాతిపొడి కలపడానికి ఒక కారణం ఉంది: ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అరిగి గాడి ఆకారానికి వచ్చేది. అదే రాతిపొడి గరగరకు కూడా కారణం. కొలంబియా 1923 నుంచి ముతక పదార్థాన్ని లోపల పెట్టి, పైన మాత్రం మేలిరకం పొడిని కాగితపు పొర మీద పరిచి నొక్కడం మొదలుపెట్టింది. దానివల్ల ఆ ప్లేట్లు ఆనాటి మిగతావాటికంటే ఎంతో నిశ్శబ్దంగా తిరుగుతాయి. కొలంబియా 1926లో "ఓకే" అనే మరో రికార్డు కంపెనీని కొనేసింది కాబట్టి, ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో ఆ కంపెనీకి చేసిన రికార్డుల్లో తర్వాతివి ఆ మేలిరకం పదార్థం మీద వచ్చాయి.

దానికి పూర్తిగా ఎదురుగా పారమౌంట్‌ను నిలబెట్టవచ్చు. విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు చేసే కంపెనీ ఒకటి గ్రామఫోన్ పెట్టెలు చేయడం మొదలుపెట్టి, ఆ పెట్టెలతో పాటు అమ్ముకోవడానికి ప్లేట్లూ చేసింది. వాళ్ల ప్లేట్లు గ్రాఫ్టన్‌లో నది పక్కన ఉన్న మిల్లులో తయారయ్యేవి. పదార్థం చవకరకం, కొత్త ప్లేటే గరగరలాడేది. అయినా కింగ్ ఆలివర్, జెల్లీ రోల్ మోర్టన్ ఆ కంపెనీకి కూడా రికార్డు చేశారు. బ్లూస్ గాయకుల సంగతి చెప్పనే అక్కరలేదు. హ్యారీ పేస్ 1921లో నల్లజాతి యాజమాన్యంతో మొదలుపెట్టిన బ్లాక్ స్వాన్ కూడా 1924లో పారమౌంట్ చేతికే వెళ్లింది. 1932లో పారమౌంట్ రికార్డింగులు ఆపేసింది, లోహపు అచ్చులు పాత ఇనుము కింద పోయాయి. అందువల్ల ఈనాడు మనం వింటున్న పారమౌంట్ సంగీతంలో అధిక భాగం ఎవరి ఇంట్లోనో అరిగిపోగా మిగిలిన ప్లేట్ల నుంచి తీసిందే. బిల్ గ్రావర్, ఓరిన్ కీప్‌న్యూస్ 1953లో రివర్‌సైడ్ కంపెనీ పెట్టినప్పుడు ముందుగా చేసిన పని ఈ జెన్నెట్, పారమౌంట్ సంగీతాన్ని ఎల్.పి.ల మీదకు తేవడమే. థెలోనియస్ మంక్, బిల్ ఎవాన్స్ ఎల్.పి.లు వేసిన కంపెనీ పునాది సేకర్తల అలమరాల్లో పడిందన్నమాట.

మీ లక్క ప్లేటును జాగ్రత్తగా చూసుకోండి. ఎల్.పి. ముల్లుతో దాన్ని వాయించకండి. మామూలు మోనో ఎల్.పి.కి అంగుళంలో వెయ్యోవంతు మందం మొన సరిపోతే, దీనికి దాదాపు మూడు రెట్లు ఉండాలి. సన్నటి మొన గాడి అడుగున ఉన్న చెత్తను గీకుతుంది తప్ప గోడలను తాకదు. ఆల్కహాల్ కలిసిన ద్రవంతో ఎట్టి పరిస్థితిలోనూ తుడవకండి, లక్క దానిలో కరిగిపోతుంది. తొలిరోజుల్లో ఎల్.పి.ల కోసం కొన్న ద్రవంతోనే ఒక జెన్నెట్ ప్లేటు తుడిచి దాని నిగనిగను శాశ్వతంగా పోగొట్టాను. ఆ ప్లేటు మరొకటి ఇప్పటికీ నాకు దొరకలేదు.

జవాబు: తీరికరాగం

పై ఇద్దరూ ఎంతో ఉపయోగకరమైన విషయాలు రాశారు. అయితే ముల్లుమొన గారు ఈ దారిలో కొత్తగా అడుగు పెడుతున్నారు కనుక, మొదటి ముద్రణే ఉత్తమమనే నమ్మకం గురించి హెచ్చరించాలని ఉంది.

మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" సంగతే చూడండి. 1959 మార్చి 2న కొలంబియా స్టూడియోలో రికార్డు చేసినప్పుడు ఒక టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో వాయిస్తే, మొదటి పక్కనున్న మూడు రచనలూ వాద్యకారులు వాయించినదానికంటే కాస్త హెచ్చు శ్రుతిలో పలుకుతాయి. సేకర్తలు పోటీపడి కొనే తొలి ముద్రణల్లోనూ, ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా వచ్చిన ముద్రణల్లోనూ ఈ లోపం ఉంది. 1990లలో గానీ దాన్ని సరిదిద్దలేదు. ఆ మూడు రచనలను స్టూడియోలో పలికిన శ్రుతిలో వినాలంటే మీకు తర్వాతి కాలపు ప్రతి కావాలి.

పట్టీలోని అంకెలను చదవడంలో కూడా తొందర పనికిరాదు. కొలంబియా ప్లేట్ల మీద "1ఎ" అని చివర ఉంటే అదే మొదట అచ్చయినదని చాలామంది అనుకుంటారు. ఆ సంస్థకు తూర్పు తీరంలో, మధ్య రాష్ట్రాల్లో, పశ్చిమ తీరంలో వేర్వేరు కర్మాగారాలు ఉండేవి. ఒకే టేపు నుంచి ఒకే విడతలో అనేక లాకర్లు కోసి వాటికి పంచేవారు. "1ఎ" ఒక కర్మాగారానికి, "1బి" మరొక కర్మాగారానికి వెళ్లి, రెండూ దాదాపు ఒకేసారి దుకాణాలకు చేరి ఉండవచ్చు. ప్లాస్టిలైట్ చెవికి ఉన్న స్పష్టత వీటికి లేదు. ప్రెస్టీజ్ ప్లేట్ల మీద అబ్బే కర్మాగారం గుర్తుగా "ఎ.బి." అని గీసి ఉంటుంది, అది కొంత నయం.

ఇంత చెప్పినా, కంపెనీల చరిత్ర తెలుసుకోవడం అనవసరమని నా అభిప్రాయం కాదు. నా దృష్టిలో దాని అసలు ప్రయోజనం వేరే ఉంది: ఏ సంగీతం ప్లేటు మీదకు ఎక్కింది, ఏది ఎక్కకుండానే గాలిలో కలిసిపోయింది అన్నది కంపెనీల వల్లే తెలుస్తుంది. యుద్ధకాలంలో, 1942లో, అమెరికా ప్రభుత్వం లక్క వాడకాన్ని బాగా తగ్గించింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. డెక్కా కంపెనీ 1943లో సంఘంతో రాజీ పడింది, విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా పడలేదు. బీబాప్ అనే కొత్త జాజ్ శైలి రూపుదిద్దుకున్నది సరిగ్గా ఆ నెలల్లోనే. చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ పక్కపక్కన నిలబడి ఆ భాషను కనిపెడుతున్న కాలానికి స్టూడియో రికార్డులు దాదాపు లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ తర్వాత వాళ్లను పట్టుకున్నది కూడా చిన్న కంపెనీలే: హర్మన్ లుబిన్‌స్కీ నెవార్క్‌లో నడిపిన సవాయ్, రాస్ రస్సెల్ హాలీవుడ్‌లో తన రికార్డుల దుకాణం నుంచి 1946లో మొదలుపెట్టిన డయల్.

కొమడోర్ అనే కంపెనీది కూడా దుకాణంలో పుట్టిన కథే. మిల్ట్ గాబ్లర్ న్యూయార్క్‌లో తన దుకాణానికి వచ్చే జాజ్ అభిమానుల కోసం మార్కెట్లో లేని పాత ప్లేట్లను మళ్లీ అచ్చు వేయిస్తూ, ఏ వాద్యం ఎవరు వాయించారో లేబుల్ మీదే ముద్రించాడు. ఇప్పుడు మనకది మామూలు విషయంగా తోస్తుంది, అప్పటికి అది కొత్త. 1938లో సొంత లేబుల్ పెట్టాడు. మరుసటి ఏడాది బిల్లీ హాలిడే "స్ట్రేంజ్ ఫ్రూట్" పాటను రికార్డు చేస్తానంటే కొలంబియా ఒప్పుకోలేదు. నల్లవాళ్లను చెట్లకు ఉరితీసే దారుణం మీద పాట అది. 1939 ఏప్రిల్ 20న దాన్ని రికార్డు చేసింది కొమడోర్. ఆ ప్లేటు చేతిలోకి తీసుకుంటే ముందుగా నేను చదివేది ఆ కంపెనీ పేరే.

ముల్లుమొన

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండోపక్క గారి జవాబును అమ్మినాయనకు యథాతథంగా చూపించాను. ప్లాస్టిలైట్ పేరు ఆయన అంతకుముందు విననేలేదట. కొంత డబ్బు వెనక్కి ఇచ్చారు, ప్లేటు నా దగ్గరే ఉంచుకున్నాను. కవరు లోపల "వాన్ గెల్డర్ గాడి, లిబర్టీ కాలపు అచ్చు" అని చీటీ రాసి పెట్టాను.

లక్కముద్ర గారూ, ఛాంపియన్ ప్లేటు పట్టీని భూతద్దంతో చూసి అంకె రాసుకున్నాను. నా చెవి మోసం చేయలేదు, అది నేను ఊహించిన జెన్నెట్ బృందమే. అయితే ఒక చిక్కు ఉంది. జెన్నెట్ లేబుల్ మీద వచ్చిన ప్రతికి "ఎ" అక్షరం నమోదై ఉంది, నా దాని మీద కనిపిస్తున్నది "బి". ఇది తప్పుగా చెక్కిన అక్షరమా, లేక వేరే ప్రతి అయి ఉంటుందా?

జవాబు: లక్కముద్ర

అక్షరం మీద ఇంకా ఏ నిర్ణయానికీ రాకండి. లక్క ప్లేట్ల మీద గీతలు నిండిపోయి ఒక అక్షరం మరొకటిగా కనిపించడం మామూలే. దీపాన్ని పై నుంచి కాకుండా పక్క నుంచి, దాదాపు ప్లేటు మట్టానికి దించి పెట్టి, ప్లేటును నెమ్మదిగా తిప్పుతూ మరోసారి చూడండి. చెక్కిన గీత నీడ పడుతుంది, పైపైన పడిన గీత పడదు.

అది నిజంగా "బి" అయితే, అప్పుడు తేల్చవలసింది చెవే. ఆ సంగీతాన్ని ఎల్.పి. మీదకు తెచ్చినవాళ్లు దాదాపు ఎప్పుడూ జెన్నెట్ ప్రతినే వాడి ఉంటారు కనుక, అది సంపాదించి మీ ప్లేటుతో పక్కపక్కన వినండి. బృందమంతా కలిసి వాయించే భాగాలు ముందే కుదుర్చుకున్నవి కాబట్టి రెండింటిలో ఒకేలా ఉండవచ్చు, వాటిని వదిలేయండి. కార్నెట్, క్లారినెట్ ఒంటరిగా వాయించే చోట, రాగం ఎక్కడ విరిచారో, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో గమనించండి. మనిషి రెండోసారి వాయించినప్పుడు అవి తప్పకుండా మారతాయి. అవి అక్షరాలా ఒకేలా ఉంటే, మీది కూడా జెన్నెట్ వాళ్లు వాడిన మైనం నుంచి వచ్చినదే. వేరుగా ఉంటే మాత్రం, ఆ ప్లేటును ఇకమీదట ఎక్కువగా వాయించకుండా, ముందు మంచి పరికరం మీద ఒకసారి డిజిటల్ ప్రతి తీయించండి. అంగుళంలో మూడు వెయ్యోవంతుల మొన ఉన్న ముల్లుతో తీయించాలని మరవకండి, వినగానే ఇక్కడ రాయండి.